ఉప్పు లెక్క

కిందటి సంచికలో ఇదే శీర్షిక కింద డిపాజిట్లకు నామినేషను రాయించుకోవడం గురించి రాశాను. చాలామంది ఫోన్లు చేశారు. ఇద్దరు పెద్దలు శ్రమ తీసుకుని ఉత్తరాలు కూడా రాశారు. అందరికీ కృతజ్ఞతలు. ఈసారి డబ్బు ఊసు లేదు, అంకెల ఊసు మాత్రం ఉంది. అంకెలు లేకుండా రాయమంటే బి.కాం. చదివినవాడు ఏం రాస్తాడు చెప్పండి!

మా అక్కయ్య కొడుకు చెన్నైలో ఇంజనీరింగు పరిశోధన చేస్తున్నాడు. పిహెచ్.డి.లో చేరి ఇది అయిదో ఏడు. అక్కయ్యావాళ్లది తిరుత్తణి, మేముండేది తిరువళ్లూరు. శనివారం సాయంత్రం లోకల్ రైల్లో ఇంటికి పోతూ మధ్యలో మా దగ్గర దిగి, భోంచేసి, రాత్రి బండికి వెళ్లడం వాడి అలవాటు. "ఇన్నేళ్లుగా అక్కడ ఏం చేస్తున్నావురా?" అని మా ఆవిడ అడుగుతుంది. "లెక్కలు చూస్తున్నానత్తా" అంటాడు. "మీ మామయ్యా ముప్ఫయ్యేళ్లుగా చేస్తున్నది అదే. ఆయనకు రేపు పింఛనైనా వస్తుంది" అంటుంది ఆవిడ. వాడు నవ్వేసి ఇంకో గరిటె చారు వేయించుకుంటాడు.

పెళ్లిళ్లలో ఆ నవ్వు ఉండదు. "ఇంకా చదువుతున్నాడా?" అన్న ప్రశ్న మన బంధువుల్లో ఎంత మర్యాదగా అడిగినా కోసినట్టే ఉంటుంది. వాడితోపాటు ఇంజనీరింగు చదివిన పిల్లలు ఇళ్లు కొన్నారు. వీడికి వచ్చేది స్కాలర్‌షిప్పు, అదీ అయిదేళ్లే. గైడుగారికి కోపం వస్తే వారం పాడు. పంపిన వ్యాసం తిరిగొస్తే నెల పాడు. పరిశోధన అంటే ఏదో కొత్తది కనుక్కోవడమని మనం అనుకుంటాం గానీ, పదిరోజుల్లో ఎనిమిది రోజులు పట్టికలు శుభ్రం చేయడమే పని అంటాడు వాడు. ఒక రిజిస్టరులో అడుగులు, ఇంకో దాంట్లో మీటర్లు. ఒకచోట తేదీ ముందు, ఇంకోచోట నెల ముందు. నేను లెడ్జర్లు రాసిన కాలం గుర్తొచ్చింది.

వాడు చూసేది నీళ్ల లెక్క. మనం కుశస్థలి అనీ, తమిళులు కొసస్థలై అనీ పిలిచే నది మన ప్రాంతంలోదే కదా. వాన పడ్డాక దాని పరిసరాల్లోని చిన్న చెరువుల్లోకి ఎంత నీరు ఎంతసేపట్లో చేరుతుంది, అవి నిండి అలుగు పారితే కింద పూండి జలాశయానికి ఎంత వస్తుంది, ఇదంతా ముందుగా చెప్పగలమా అన్నది వాడి ప్రశ్న. 2015 డిసెంబరు వరదలు చూసినవాళ్లకు ఈ లెక్క ఎందుకో చెప్పనక్కర్లేదు.

పూండి అనగానే మనకు కృష్ణా నీళ్లు, ఆదివారం పులిహోర పొట్లాలు గుర్తొస్తాయి. 1940లో పునాదిరాయి వేసి 1944లో పూర్తి చేసిన ఆ జలాశయానికి, అప్పటి మద్రాసు మేయరు సత్యమూర్తిగారి పేరే తరవాత పెట్టారు. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కృష్ణా నీరు అక్కడికి మొదటిసారి చేరింది 1996లో. చాలామంది గమనించనిది ఇంకొకటుంది. 1944 నుంచే పూండిలో జలశాస్త్ర పరిశోధనశాల ఉంది. ఆనకట్టలను, నదులను చిన్న నమూనాలుగా కట్టి, వాటిలో నీళ్లు పారించి చూస్తారు. పెద్ద ఆనకట్ట కట్టబోయే ముందు దాని పిల్ల ఆనకట్టను కట్టి పరీక్షించడమన్నమాట. మావాడికి నీళ్ల చదువు మీద మనసు పుట్టింది చిన్నప్పుడు అవి చూసినప్పుడేనని అక్కయ్య అంటుంది.

వాడికి ఒక వ్యసనం ఉంది. కంగారు పడకండి, పక్షులు. ఆదివారం తెల్లవారగానే సైకిలెక్కి కెమెరా మెడలో వేసుకుని చెరువులమ్మట తిరుగుతాడు. కొంగలు, గూడబాతులు, నీటికాకులు. ఏ చెరువుకు ఏ నెలలో ఏవి వస్తాయో తేదీలతో సహా చెబుతాడు. గైడుగారు "పిట్టలు కట్టిపెట్టి అధ్యాయాలు రాయి" అన్నారట. అక్కయ్య కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేస్తానంది. ఉద్యోగం లేని మొగపిల్లవాడికి సరదా ఉంటే అది మన ఇళ్లలో నేరం కిందే లెక్క.

పోయిన ఏడాది ఒక శనివారం వాడు భోజనం కాగానే ఒక పట్టిక నా ముందు పెట్టాడు. ఒక చెరువు నీటిమట్టం, రోజువారీ, చాలా ఏళ్లది. ఆ చెరువు పేరుగానీ ఊరి పేరుగానీ ఇక్కడ రాయను. "మామయ్యా, మీరు ఖాతాలు చూసినట్టు దీన్ని చూడండి. ఏమీ చెప్పను, చూడండి" అన్నాడు.

చూశాను. మొదట కనపడింది, ఒక్క గడీ కూడా ఖాళీ లేకపోవడం. తిరుత్తణి కొండకు 365 మెట్లు ఉన్నట్టు ఏడాదికి 365 అంకెలూ ఉన్నాయి. దీపావళికీ ఉంది, సంక్రాంతికీ ఉంది. ఏ మనిషీ జ్వరం రాకుండా ఇన్నేళ్లు పనిచేయడు. తరవాత ఆఖరి అంకెలు చూశాను. బ్యాంకులో తనిఖీకి వెళ్లినవాళ్లకు ఇది అలవాటు. నిజంగా కొలిచినవాడి అంకె మూడుతోనో ఏడుతోనో ఎనిమిదితోనో ఎలాగైనా ముగుస్తుంది. కూచుని రాసినవాడి చెయ్యి సున్నా దగ్గరకో అయిదు దగ్గరకో పోతుంది. సరుకు నిల్వల స్టేట్‌మెంట్లలో ఈ సున్నాలు, అయిదులు ఎన్ని చూశానో! ఈ పట్టికలో వేసవి నెలలన్నీ సున్నాలు, అయిదులే. పైగా మట్టం రోజుకింత అని వాయిదా కట్టినట్టు తగ్గుతోంది. ఎండ మాత్రం రోజూ ఒకేలా కాయదు గదా.

"కూచుని రాశాడురా" అన్నాను.

వాడు మాట్లాడకుండా ఒక ఫొటో తీసి చూపించాడు. మే నెలలో ఒక ఆదివారం తీసింది. ఎదురుగా ఒక గూడబాతు, దాని వెనక చెరువు కొలతరాయి. రాయి అడుగున నెర్రెలిచ్చిన బురద. నీళ్లు ఎక్కడో దూరాన గుంటలో ఉన్నాయి. అదే తేదీకి రిజిస్టరులో రెండున్నర అడుగులు! పిట్టల కోసం తీసిన ఫొటోలు వెతికితే అలాంటివి ఇంకో పదకొండు దొరికాయట.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఆ చెరువు వాడి లెక్కకు నడుములాంటిది. దాన్ని తీసేస్తే పై చెరువులకూ కింది చెరువులకూ మధ్య సంబంధం తెగిపోతుంది. ఉంచితే అబద్ధం మీద థీసిసు. ఒక వ్యాసం అప్పటికే రాసి, పత్రికకు పంపడానికి సిద్ధంగా ఉంది. "కంప్యూటరులో సరిచేసే పద్ధతులు ఉన్నాయి, వంకరటింకరగా ఉన్నవాటిని నునుపు చేయొచ్చు, చాలామంది చేస్తారు" అన్నాడు. ఆ 'చాలామంది చేస్తారు' అన్న మాట నేను రుణాల విభాగంలో విన్నంతగా ఇంకెవరూ విని ఉండరు.

ఇక్కడ మన తెలుగాయన ఒకరి గురించి చెప్పుకోవాలి. కథ మన తిరుత్తణి నుంచే ఎత్తుకోవచ్చు. 1888లో ఇక్కడ పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్వశాస్త్రం ఎంచుకున్నది ఏదో దివ్యదృష్టితో కాదు. చదువు ముగించిన బంధువు ఒకాయన తన పాత పుస్తకాలు ఇచ్చాడు, అవి తత్వశాస్త్రానివి. కొనే స్తోమతు లేదు, అదే చదివారు. ఆ రాధాకృష్ణన్‌గారు 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు. ఆయన వెళ్లిన కొన్నేళ్లకు అదే విశ్వవిద్యాలయంలో గణితం చదివి పట్టా పుచ్చుకున్న కుర్రవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి.ఆర్.రావు.

ఆయనా మనలాగే తెలుగునాటి బయట పుట్టినవారే. 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో. తండ్రి పోలీసు ఉద్యోగి. పదిమంది పిల్లల్లో ఈయన ఎనిమిదో బిడ్డ. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూచోబెట్టేవారని తన పుస్తకాన్ని ఆవిడకు అంకితమిస్తూ రాసుకున్నారు. యుద్ధకాలంలో సైన్యానికి సంబంధించిన ఒక ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అది దొరకలేదు. అక్కడ తారసపడ్డ ఒకాయన మహలనోబిస్‌గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడు. అలా ఆ సంస్థ సంగతి తెలిసి, 1941లో చేరారు. ఉద్యోగం వచ్చి ఉంటే ఆ మేధావి మనకు దక్కేవారో లేదో.

1945లో, పాతికేళ్లు కూడా నిండకముందు ఆయన ప్రచురించిన వ్యాసం ఈనాటికీ ఇంజనీర్ల పుస్తకాల్లో ఉంది. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఆ రాత్రి కూచుని జవాబు కట్టి మర్నాడు చెప్పారట. బి.కాం. భాషలో చెప్పాలంటే దాని సారం ఇది. మీ దగ్గరున్న సమాచారంలో పస ఇంతే అయినప్పుడు, ఏ పక్షపాతమూ లేకుండా ఎంత తెలివిగా అంచనా కట్టినా ఒక హద్దును మించి కచ్చితత్వం రాదు. క్రామర్–రావు హద్దు అంటారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చినప్పుడు మొదట చెప్పింది ఈ వ్యాసం గురించే. అదే సంవత్సరం ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. అంత లెక్కల మనిషికి కూచిపూడి నాట్యమన్నా, ఫొటోగ్రఫీ అన్నా మహా ఇష్టం. ఈ సంగతి అక్కయ్యకు ఫోను చేసి మరీ చెప్పాను. "ఆయన అప్పటికి ఉద్యోగంలో ఉండుంటారు" అంది.

ఆయన రాసిన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అనే పుస్తకంలో ఒక ఉదంతం ఉంది. 1947. దేశ విభజన అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో చాలామంది తలదాచుకున్నారు. వాళ్లకు భోజనాలు ప్రభుత్వమే పెట్టాలి. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. సరుకులు పంపే కాంట్రాక్టర్లు ఇంతమందికి ఇంత అని బిల్లులు పెడుతున్నారు, ఖర్చు కొండలా పెరుగుతోంది. లోపల ఎందరున్నారో తేల్చమని స్టాటిస్టిక్స్ వాళ్లను అడిగారు. వాళ్ల దగ్గరున్నది ఒకటే, రోజూ ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు వాడినట్టు రాశారన్న లెక్క. మనిషి సగటున రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో అంతకుముందు జరిగిన సర్వేల వల్ల తెలుసు. భాగించి చూశారు. మూడూ ఒకే జవాబు ఇవ్వాలి కదా? ఇవ్వలేదు. బియ్యం లెక్కన జనం ఎక్కువ, ఉప్పు లెక్కన బాగా తక్కువ.

ఏది నమ్మాలి? వాళ్లు ఉప్పును నమ్మారు. బియ్యం ధర ఎక్కువ, అందులో దొంగలెక్క రాస్తే లాభం ఉంది. ఉప్పు చవక, అందులో అబద్ధమాడి బావుకునేది లేదు.

ఈ కథ నేను ఇప్పటికి ఎందరు కుర్ర ఆఫీసర్లకు చెప్పానో లెక్క లేదు. ఇందులో పెద్ద గణితం ఏమీ లేదు, ఒక్క భాగహారం. మిగిలినదంతా ఆ అంకె రాసిన మనిషి ఎవరు, ఎందుకు రాశాడు అన్న విచారణే. సాక్షిని ప్లీడరు ప్రశ్నించినట్టు అంకెల్ని ప్రశ్నించాలని రావుగారి పద్ధతి.

తిరుత్తణివాళ్లకు ఈ మాట ఇంకొకందుకు కూడా తెలియాలి. పటాస్కర్‌గారి సూత్రం ప్రకారం, గ్రామం యూనిట్‌గా, ఏ ఊళ్లో ఏ భాషవాళ్లు ఎక్కువ, ఆ ఊరు దేన్ని ఆనుకుని ఉంది అని చూసి సరిహద్దు గీశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, సత్యవేడు అటు వెళ్లింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనవాళ్లు జనాభా లెక్కల గుమస్తా గుమ్మంలోకొచ్చి మీ భాషేమిటని అడిగితే ఏ పూట ఏమని చెప్పారో! ఆ జవాబులన్నీ కూడితే వచ్చిన అంకె మీదే మన రేషన్ కార్డుల భాష మారింది.

మావాడి దగ్గరకు వస్తాను. ఉప్పు కథ విన్నాక కాసేపు ఊరుకుని, "అయితే మామయ్యా, ఈ రిజిస్టరులో ఉప్పేది?" అన్నాడు. రాసినవాణ్ణి అడిగితే గానీ తెలియదన్నాను. మర్నాడు ఆదివారం. నా స్కూటరు మీదే ఇద్దరం వెళ్లాం.

ఆయనకు యాభై దాటి ఉంటాయి, చూస్తే డెబ్భైలా ఉన్నాడు. చెరువు లస్కరు, దినకూలీ లెక్కన. తమిళంలో మొదలుపెట్టి, మా మాటలు విని తెలుగులోకి వచ్చాడు. మొదట మమ్మల్ని ఆఫీసు నుంచి వచ్చామనుకుని లేచి నిలబడ్డాడు, మోకాళ్లు సహకరించక గోడ పట్టుకున్నాడు. వీడు "మేం ఆఫీసువాళ్లం కాదు పెద్దాయనా, నేను చదువుకునేవాణ్ణి" అన్నాక కూర్చున్నాడు. సంగతి తెలుసుకోవడానికి గంట పట్టింది. ఆయనకు చెరువులు రెండు, మధ్య ఏడు కిలోమీటర్లు, సైకిలొక్కటి. వేసవిలో ఒక చెరువు చూసి రెండోదానికి అంచనాగా రాస్తాడు. గడీ ఖాళీగా ఉంటే కూలీ కోస్తారన్న భయం. "వాన పడితే మాత్రం రాకుండా ఉంటానా సామీ? కట్ట తెగితే మా ఊరే కదా మునిగేది. అర్ధరాత్రయినా గొడుగేసుకుని వచ్చి చూస్తా. పైనుంచి ఫోన్లు కూడా వస్తాయి" అన్నాడు.

వచ్చేటప్పుడు దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. తిరువళ్లూరు చేరాక, వీరరాఘవస్వామి కోనేటి దగ్గర టీ తాగుతూ వాడే అన్నాడు, "వాన రోజులే ఉప్పు మామయ్యా" అని.

మాట విన్నాం కదా అని నమ్మేయడానికి నేను ఒప్పుకోలేదు, వాడూ ఒప్పుకోలేదు. రెండు నెలలు కూచుని పరీక్షించాడు. వాన రోజుల అంకెలు విడిగా తీస్తే, ఆఖరి అంకెలు మూడు, ఏడు, ఎనిమిది అన్నీ సమంగా వస్తున్నాయి. పక్కనున్న వర్షమాపకంలో వాన ఎక్కువైన రోజుల్లోనే ఇక్కడా మట్టం పెరుగుతోంది. కొన్ని గంటల తరవాత కింది చెరువూ పెరుగుతోంది. వాడికి కావలసింది వరద రోజులే గనక థీసిసు బతికింది. వేసవి అంకెలు మొత్తం తీసేశాడు. ఆ అంకెల మీద కట్టిన అధ్యాయం ఒకటి పోయింది, పంపడానికి సిద్ధంగా ఉన్న వ్యాసం చించేశాడు. స్కాలర్‌షిప్పు గడువు అయిపోయింది. ఇంకో ఆరు నెలలు పడుతుందని తెలిసి, కుదరబోయిన సంబంధంవాళ్లు వేరే చోట చూసుకున్నారు. అక్కయ్య నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. స్కూటరు నాదే కదా!

మా ఇద్దరికీ ఒక్కచోట మాత్రం కుదరలేదు. ఏ చెరువో, ఎవరు రాశారో థీసిసులో పెట్టనన్నాడు. చెరువుకు 'చ' అని అక్షరం పెట్టి, ఏ రోజుల అంకెలు ఎందుకు వదిలేశాడో మాత్రం దాచకుండా రాస్తానన్నాడు. నేను చూసిన లోకంలో పేరు లేని రిపోర్టు రిపోర్టు కాదు. రేపు ఇంకెవరో ఆ వేసవి అంకెల్నే నమ్మి ఇంకో లెక్క కడితే బాధ్యత ఎవరిది? అదే అడిగాను. "పేరు రాస్తే ఆయన కూలీ పోతుంది. రెండు చెరువులకు ఒక మనిషిని పెట్టినవాళ్ల పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. ఎవరైనా వచ్చి అడిగితే పట్టికలో ఏ భాగం పనికిరాదో నేనే చూపిస్తాను" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేదని అనను. నా ప్రశ్నకు పూర్తి జవాబు మాత్రం ఇంకా రాలేదు. సంబంధించిన ఇంజనీరు ఒకరిని కలిసి, ఎవరి పేరూ ఎత్తకుండా, ఒక మనిషికి రెండు చెరువులు ఎక్కువని చెప్పి వచ్చాడు. ఆయన శ్రద్ధగానే విన్నారట. ఇది రాసేనాటికి మాత్రం రెండు చెరువులకూ ఆ సైకిలే.

థీసిసు ఇప్పుడు అచ్చుకు వెళ్లే దశలో ఉంది. అనుబంధంలో ఆ మే నెల ఫొటో వేశాడు. గైడుగారు చూసి, పిట్టను కత్తిరించి కొలతరాయిని మాత్రం ఉంచమన్నారు. కత్తిరిస్తే నీటి అంచు పోతుంది సార్, నీళ్లు రాయికి ఎంత దూరంలో ఉన్నాయో తెలియాలంటే పిట్టను కూడా ఉంచాలి అన్నాడట వీడు. ఆయన కాసేపు చూసి, సరే, అదేం పక్షో కింద రాయి అన్నారట.